రహీం సార్ నోట నా అడవి పేరు

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది. మణుగూరులో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. ఫలానావాళ్లకు గాలి సోకిందని ఎవరైనా అంటే, ముందు డాక్టరుకు చూపించండని కసిరేదాన్ని. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి రాస్తుంటే నా మీద నాకే చిరాకుగా ఉంది.

2006 వేసవి. మా అమ్మ గురించి ఒక పుస్తకం రాసి ముగించాను. అమ్మది పినపాక దగ్గరి అడవి పల్లె. చదువు లేదు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసి, వానాకాలం కూలికి పోయి నన్ను టీచరును చేసింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. నేను పుస్తకం మొదలుపెట్టే నాటికి అమ్మ కూడా పోయింది.

రాతప్రతి దిద్దడానికి ఖమ్మంలో రహీం సార్‌ను కుదుర్చుకున్నాను. ఎవరి దగ్గరా ఉద్యోగం లేకుండా, ఇంట్లోనే కూర్చుని పుస్తకాలు ఎడిట్ చేసిపెట్టే మనిషి. ఆయన పద్ధతి ఒకటుంది. రాసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదువుతాడు. తనకు ఎక్కడ విసుగొస్తే అక్కడ ఎర్రగీత.

తునికాకు అధ్యాయం దగ్గర ఆగాడు. మొత్తం కొట్టేస్తానన్నాడు.

"గిది వద్దమ్మా. కథ ఇక్కడ ఆగిపోతాంది. ఆకు కోసుడు, కట్టలు కట్టుడు, ఇదంత ఎవలు చదువుతరు?"

"మా అమ్మ బతుకంతా ఆ ఆకే సార్. అది తీసేస్తే ఇంక పుస్తకం ఎందుకు?"

"నీకు అమ్మ. చదివెటోనికి కాదు గదా."

ఎంత మాట! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపుతో కాదు, కోపంతో.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అడవిలో మనిషిని అసలు పేరుతో పిలవకూడదని మా అమ్మ పట్టింపు. పిలిస్తే అడవి ఆ పేరు నేర్చుకుంటుందట, తర్వాత అదే పిలుస్తుందట. అందుకని ఆకు కోతకు పోయేటప్పుడు నా చెవిలో వేరే పేరు చెప్పింది. అడవిలో ఉన్నంతసేపూ అదే నా పేరు. బయటికొచ్చాక ఎవరి ముందూ అనకూడదు. నేను ఇదేదీ నమ్మలేదు గాని, అమ్మ మాట తీసేయలేక ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో ఆ పేరు కాదు కదా, ఈ పట్టింపు సంగతే రాయలేదు. చిన్నప్పుడు ఒకసారి ఆకు కోతలో నేను అడవిలో దారి తప్పిన రోజు గురించి ‘అమ్మ నన్ను పిలిచింది’ అని మాత్రం రాశాను. ఆ పేరు ఇక్కడా రాయను.

"సరే, ఒక్కపారి మొత్తం చదువుత, నీకే తెలుస్తది" అని రహీం సార్ మొదలుపెట్టాడు.

మిట్టమధ్యాహ్నం. ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో ఆయన భార్య జరీనా అక్క రొట్టెలు చేస్తోంది. ఆయన విసుగ్గా, గబగబా చదువుతున్నాడు. నేను దారి తప్పిన చోటు వచ్చింది. ‘అమ్మ నన్ను పిలిచింది’ అని చదివాడు. తలెత్తి గుమ్మం వైపు చూసి, గట్టిగా పిలిచాడు. నా అడవి పేరు. చివర సాగదీసి, అచ్చం అమ్మ పిలిచినట్టు. గొంతు మాత్రం ఆయనదే.

మళ్లీ తల దించుకుని తర్వాతి వాక్యం అందుకున్నాడు.

"సార్, ఇప్పుడేమన్నరు?"

"ఏమన్న? నువ్వు రాసిందే చదివిన."

అంతలో జరీనా అక్క పిండి చేతులతో బయటికొచ్చింది. "ఎవర్ని పిలిచిన్రు? ఎవరన్న వచ్చిన్రా?" అంటూ ఆ పేరు తనూ అంది. "గదేం పేరు?" అని నన్నే అడిగింది. నేను రహీం సార్ వైపు తిరిగాను.

రహీం సార్‌కు కోపం వచ్చింది. "మీ ఇద్దరికి ఎండ తగిలినట్టుంది. లేని మాట నేనెందుకు కలుపుత?" అన్నాడు. నిజమే, ఆయన కోసేవాడే గాని కలిపేవాడు కాదు. కాగితం లాక్కుని చూశాను. నేను రాసిందే ఉంది.

ఇంకా వినండి. ఇంత జరిగాక కూడా ఆ అధ్యాయం వద్దనే అన్నాడు! నేను కాగితాలు సర్దుకుని లేచాను. "మీ గీతలన్నీ ఒప్పుకుంటా సార్, ఇదొక్కటి తప్ప" అన్నాను. పుస్తకం ఆ అధ్యాయంతోనే వచ్చింది. ఇప్పటికీ కలిసినప్పుడల్లా అది ఎక్కువైందనే అంటాడు, మహానుభావుడు.

నేనెప్పుడైనా పొరపాటున ఆ పేరు పైకి అన్నానా? అమ్మ ఎవరికైనా చెప్పిందా? అమ్మ ఖమ్మం మొహం చూడలేదు. రహీం సార్ పినపాక వైపు ఎప్పుడూ రాలేదు. ఎంత ఆలోచించినా తెగడం లేదు.

భయం వేయలేదా అని అడుగుతారు. లేదు, కోపం వచ్చింది. చివరి రోజుల్లో పక్షవాతం వచ్చి అమ్మకు మాట పడిపోయింది. దవాఖానాలో మంచం పక్కన కూర్చుని, ఒక్కసారి పిలువమ్మా, ఏ పేరుతోనైనా సరే పిలువు అని ఎంత బతిమాలానో. పెదవి కదిలింది గాని పిలుపు రాలేదు. అట్లాగే పోయింది.

అప్పుడు నాకోసం రాని పిలుపు, అమ్మ బతుకును కొట్టేయడానికి ఎర్ర పెన్ను పట్టుకున్న మనిషి నోట ఎట్లా వచ్చింది? నాకు ఈనాటికీ తెలియదు. అమ్మ మీద కోపం మాత్రం తగ్గలేదు. మధ్యలో ఆయన నోరెందుకు? నేను ఎదురుగానే కూర్చున్నాను కదా.