నాయన చెరువులోకి ఇంజన్ దించిన దినం

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పటి ఒక కరువు ఎండాకాలం... పొద్దున్నే మా నాయన ఎద్దులబండి మీదికి ఆయిల్ ఇంజన్ ఎక్కిస్తాంటే, అమ్మ వసారాలో నిలబడి చూస్తాంది.

మాది పులివెందుల దగ్గర, వేముల పక్క పల్లె. మాకున్నదంతా ఒక చీనీ తోట, అదే బత్తాయి తోట. అప్పుడప్పుడే కాపుకొస్తాన్న చెట్లు. ఆ ఏడు బోరు ఎండిపోయింది. ఇంకొకటి వేయిస్తే దాంట్లో దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. ఆకులు ముడుచుకుపోతాంటే నాయన చెట్టు చెట్టునూ ముట్టుకుని చూసి వచ్చేవాడు... అన్నం ముందర కూచుని, తినకుండానే లేచిపోయేవాడు.

ఊళ్లో నీళ్లంటూ మిగిలింది చెరువులోనే. అదీ నడిమధ్య మడుగులో, మోకాళ్ల లోతు. మా ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. చెరువు ఆ మడుగు దాకా తగ్గిందంటే, ఇంక ఎవరూ చేన్లకు నీళ్లు తోడకూడదు. అవి గొడ్లకు, గొర్రెలకు, చేపపిల్లలకు, చుట్టూ పెరిగే తుంగకు. ఎవరు పెట్టినారో తెలీదు. కానీ ఎవరూ దాటింది లేదు... ఆ పొద్దు మా నాయన దాటేదానికి బయల్దేరినాడు.

ఆ తుంగ మీద బతికేది ఖాసింబీ అత్త వాళ్లు. తుంగ కోసి, ఎండబెట్టి, చాపలల్లి ప్రొద్దుటూరు అంగళ్లకు వేసేవాళ్లు. పైన కోసేవాళ్లే గానీ మొదలు పెరికేవాళ్లు కాదు. నీటికోళ్లు గుడ్లు పెట్టిన పక్కకు కొడవలే తీసుకుపోయేవాళ్లు కాదు. ఆమె మొగుడు కువైట్ పోయినాక ఇల్లు గడిచేది ఆ చాపలతోనే. నా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ పక్కన కూచుని పురుడు పోసింది కూడా ఆమే.

నేనూ అక్కా బండి వెనకాలే పరుగెత్తినాం. నాయన ఇంజన్ దించి, పైపు మడుగులోకి వేసి, హ్యాండిల్ తిప్పినాడు. నల్లగా పొగ... ఇంజన్ పట్టుకుంది. ఆ చప్పుడుకు తుంగలోని కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయినాయి. కట్ట మీద జనం చేరినారు. ఒక్కరూ కిందికి దిగలేదు. నాయన కోపం ఊరందరికీ ఎరుకే.

ఖాసింబీ అత్త దిగింది. చీర ఎగ్గట్టి, బురదలో నడుచుకుంటా పోయి, పైపు మూతిని నీళ్లలోంచి పైకెత్తి పట్టుకుంది.

"పైపు వదులు ఖాసింబీ," అన్నాడు నాయన.

"వదల్నన్నా."

"నా చెట్లు సచ్చిపోతాండాయి. కనపడ్లేదా నీకు?"

"కనపడతాండాయి. ఈ పొద్దు నువ్వు తోడితే, రేపు ఇంకొకరు తెస్తారు ఇంజన్. ఆ మర్నాటికి ఈడ బురద గూడా ఉండదు. గొడ్లు యాడికి పోవాల? మేం యాడికి పోవాల?"

కాలువ తీసేదానికి తెచ్చుకున్న పార నాయన చేతిలోనే ఉంది. దాంతోనే మడుగులోకి దిగినాడు. అక్క నా చెయ్యి నొప్పి పుట్టేటట్టు పట్టుకుంది. కట్ట మీద ఎవరో "వద్దు మామా" అన్నారు, మెల్లగా... నాయన వినలేదు. పోయి ఆమె ఎదురుగా నిలబడినాడు. ఆమె పైపు దించలేదు.

"కొట్టాలంటే కొట్టన్నా. నేను కదల్ను."

నాయన చేతిలోని పార జారి నీళ్లలో పడింది. ఆ బురదలోనే కూలబడి, మొగం చేతుల్లో పెట్టుకుని ఏడ్చినాడు. మా నాయన ఏడవడం మేం అంతకుముందు చూసింది లేదు.

అంతలోనే ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే దాని పక్కన అమ్మ. ఎప్పుడొచ్చిందో మాకు తెలీనే లేదు.

ఆ సాయంత్రం ఊరంతా కట్ట మీద కూచునింది. దారి చెప్పింది ఖాసింబీ అత్తే. "కడవలతో ముంచుకుంటే చెరువు ఓర్చుకుంటాది. ఇంజన్‌కు ఓర్చుకోలేదు. మోసుకోండి... మేమూ మోస్తాం."

వానలు పడేదాకా మోసినాం. అమ్మ, అక్క, నేను, చాపలల్లే ఆడోళ్లు... బతికే ఆశ ఉన్న చెట్లకు మాత్రమే, చెట్టుకొక కడవ, మొదలు దగ్గరే. అయినా సగానికి పైగా చెట్లు పోయినాయి. వాటిని నాయన తన చేత్తోనే నరికినాడు, ఎవర్నీ దగ్గరికి రానియ్యలేదు. మడుగు మాత్రం ఎండలేదు. వానలకు తుంగ మళ్లీ పచ్చగా లేచింది.

నాయన శానా దినాలు ఖాసింబీ అత్త మొగం చూడలేకపోయినాడు. మిగిలిన చెట్లు కాసినప్పుడు మొదటి గంప కాయలు వాళ్లింటికే పంపించినాడు... తాను పోలేదు, అమ్మ చేత పంపించినాడు.

మొన్న ఊరికి పోయినాను. ఇప్పుడు కాలువ నీళ్లు వస్తాండాయి, చెరువు నిండుగా ఉంది. నాయన ఉంటే ఎంత సంబరపడేవాడో... కానీ ఒడ్డంతా మట్టి పోసి చదును చేసినారు. తుంగ లేదు. ఖాసింబీ అత్త కూతురు ప్రొద్దుటూరులో ప్లాస్టిక్ చాపల అంగట్లో పని చేస్తాందంట. కట్ట పొడుగునా మోటర్లే.

ఒకాయన మోటరు ఆన్ చేస్తాంటే అడిగినాను, "ఈ నీళ్లు ఎంతవరకు తోడుకోవచ్చప్పా?" అని.

"అయిపోయేదాకా," అన్నాడు ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు చూసి...

మీ ఊరి చెరువు దగ్గర "ఇంక చాలు" అని అడ్డం నిలబడిన మనిషి ఎవరన్నా ఉండేవాళ్లా? ఉంటే ఆ మనిషి గురించి ఈడ రెండు మాటలు రాయండి... చదవాలని ఉంది.