తొప్పదోగిన నాడు

హీటరు పక్కన ఆరవేసిన ఉన్నికోటు తడివాసన క్రాన్‌బర్న్‌లోని మా ఇంటినంతా కమ్ముకొంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని మా అబ్బాయి ఆఫీసుకే అంకితమయ్యాడు. పగలంతా ఇంటికి కాపలా నేనే. ఆ కోటు పక్కింటి జీన్‌ది. స్కాట్లండులో పుట్టిన వృద్ధురాలు. ఇంటి తాళంచెవి లోపలే మరచి, వానలో చిక్కుకొని మా తలుపు తట్టింది.

"అయామ్ డ్రూకిట్, డియర్!"

నిలువెల్లా తడిసిన మనిషిని వాళ్ళ నాయనమ్మ అలా అనేదట. ఆ మాట తన పిల్లలకే తెలియదట. టీ అందిస్తూ నేను మా మామ్మ మాటను ఆమెకు అప్పగించాను: తొప్పదోగడం.

మా మామ్మ దగ్గర తడుపుకు తరతమాలుండేవి. ఆషాఢపు జల్లులో పలక నెత్తిన పెట్టుకొని బడినుండి వస్తే, వాకిట్లోనే నిలబెట్టి చూసేది. జుట్టు మాత్రమే తడిస్తే పైటకొంగు, చొక్కా తడిస్తే పొడిబట్ట. తొప్పదోగితేనే సాంబ్రాణి పొగ, బెల్లం వేసిన శొంఠి కషాయం.

తాతయ్య తద్దినం నాడు మామ్మ తెల్లవారకుండానే స్నానం చేసి, తడిబట్టతో మడికట్టుకొని, పచ్చిమంచినీళ్ళయినా ముట్టక వంటకు కూర్చుంది. నువ్వుల కమ్మదనం, గారెలు వేగే చప్పుడు, వసారాలో భోక్తల దగ్గులు. నేను కుండపోతలో నానిపోయి, వణుకుతూ వచ్చి, తిన్నగా వంటింట్లోకి పోయి ఆమె నడుము వాటేసుకొన్నాను.

"ఓరి భడవా! మీ మామ్మ మడి మంటగలిపావు కదరా! వంటంతా మైలపడింది!" అని మా మేనత్త కేకలు వేసింది.

"నాదీ తడిబట్టేగా అత్తయ్యా! నేనూ మడే!"

అందరూ మామ్మ వంక చూశారు. ఉబ్బసం మనిషి. మళ్ళీ నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకొని, ఉపవాసంతోనే మళ్ళీ పొయ్యి రాజేయాలి. ఆమె నా నుదురు తాకి, ఆ మడిచీర కొంగే పిండి నా తల తుడవసాగింది.

"తొప్పదోగాడే వెధవ, ఒళ్ళు కాలిపోతోంది. ముందు శొంఠి నూరు."

"మరి నాన్నగారి తద్దినం?"

"బతికినన్నాళ్ళూ ఆయన కోసం నేనే ఆగాను. ఇవాళ ఒక్కపూట ఆయన్ని ఆగమను."

నేను చెప్పిందంతా విని జీన్ చాలాసేపు నవ్వింది. తరువాత కప్పు కిందపెట్టి, "మరి ఆ చన్నీళ్ళకు ఆవిడకేమీ కాలేదా?" అని అడిగింది.

నాకు తెలియదు. నేను కషాయం తాగి నిద్రపోయాను. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగనూ లేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ వంటింట్లో నిలిచినవారిలో మిగిలింది నేనొక్కడినే.