తొమ్మిదో ప్రకరణంలో వెళ్ళిన అక్క

పక్కింటావిడకు పద్నాలుగు నెలలైనా పురుడు రాలేదన్న సంగతి మా ప్రెస్సులో మొదట పట్టుకున్నది చీటీల అక్కే. నవల్లో పక్కింటావిడ లెండి. మూడో పేజీలో నెల తప్పిన మనిషి, హీరో ఏడాది పైన తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి కూడా నిండు చూలాలిగానే గుమ్మంలో నిలబడి ఉంది. రాసినాయన చూసుకోలేదు, కంపోజు చేసినవాడు చూసుకోలేదు, పైకి చదివి వినిపించిన నేనూ చూసుకోలేదు. అక్క మాత్రం ఎర్ర పెన్ను మూత పళ్ళతో కొరుకుతూ, "ఆగు తమ్ముడూ, ఆ తల్లి ఇంకెన్నాళ్ళు మోస్తుంది?" అంది.

మా పని ఇదీ. రాతప్రతి పట్టుకుని నేను కామాలూ చుక్కలతో సహా పైకి చదువుతాను. అక్క అచ్చుకాగితం మీద స్కేలు జరుపుకుంటూ సరిచూస్తుంది. తప్పక్షరం కనిపిస్తే గుర్తు పెట్టడం వరకే మా హద్దు. కానీ ఆవిడకు ఇంకో అలవాటుంది. నవల్లో వచ్చే చిన్నాచితకా మనుషులు ఒక్కొక్కరికీ ఒక చీటీ రాసుకుంటుంది. కాంపౌండరు ఏ కాలు కుంటుతాడు, డ్రైవరు గదిలోంచి వెళ్ళేప్పుడు చేతిలో ఏముంది, మళ్ళీ ఎక్కడ కనిపించాడు, అన్నీ. హీరో హీరోయిన్లకు మాత్రం రాయదు. "వాళ్ళకేం, వాళ్ళను చూసుకోడానికి రచయితున్నాడు" అనేది.

పదకొండేళ్ళు ఆ గోల పక్కన కూర్చున్నాను. రోజుకిన్ని పేజీలు తెమలకపోతే చీవాట్లు ఇద్దరికీ పడతాయి. ఈవిడేమో ఏ వంటావిడ దగ్గరో ఆగిపోయి కాలు ఊపుతూ కూర్చుంటుంది. ఆ కాలు ఊపుడుకి మా బల్ల కూడా ఊగేది, నాకు ఒళ్ళు మండేది. ఓనరు గారికైతే చెప్పక్కర్లేదు. ఇద్దరు రచయితలు మొహం మాడ్చుకున్నాక ఆవిణ్ణి పిలిచి ఖరాఖండీగా చెప్పేశారు: "అక్షరాలు మనవి, కథ వాళ్ళది. ఇంకొక్కసారి కథలో వేలు పెడితే మీరు ఇంటికెళ్ళిపోవచ్చు." అక్క తలూపింది. ఆ తర్వాత రెండేళ్ళు నోరు కుట్టేసుకుంది, చీటీలు రాసి తన దగ్గరే పెట్టుకుంది.

అప్పుడొచ్చింది పెద్దాయన నవల. పెద్దాయనంటే మా ఓనరు గారు గుమ్మందాకా ఎదురెళ్ళే ఒకే ఒక్క రచయిత. అందులో తల్లీ తండ్రీ లేని కుర్రాణ్ణి వాడి అక్క పెంచుతుంది, వాడు పెరిగి గొప్ప రచయితవుతాడు. అది తన జీవితమేనని ఆయనే పత్రికలవాళ్ళకు చెప్పుకున్నారు. నవల్లో అక్క బట్టల దుకాణానికి చొక్కాల కాజాలు కుడుతుంది. తొమ్మిదో ప్రకరణంలో పెద్ద వాన. అక్క పదహారు చొక్కాలు గుడ్డలో చుట్టుకుని, ఊచ విరిగిన గొడుగు వేసుకుని దుకాణంలో ఇచ్చిరావడానికి బయల్దేరుతుంది.

అంతే. మళ్ళీ రాలేదు. హీరో కాలేజీకి వెళ్ళాడు, పెళ్ళాడాడు, సన్మానాలందుకున్నాడు. పెళ్ళి పందిట్లో పీటలు వేసినవాడికి కూడా నాలుగు వాక్యాలున్నాయి, అక్క ఊసు లేదు.

ఇరవై నాలుగో ప్రకరణం చదవడం అయిపోయాక చీటీల అక్క స్కేలు కింద పెట్టింది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. "వాన ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది కదా?" అంది. నేను గడియారం చూసుకున్నాను. మూడు రోజులు ఇదే వరస. అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూతపెట్టేసేది. చదివిన పేజీలే మళ్ళీ తిప్పేది. పోనీ వదిలెయ్యక్కా, నవలే కదా అన్నాను. "నవల కాబట్టే అడుగుతున్నా. బయటి మనుషుల్నైతే ఎలాగూ అడగం" అంది.

చివరి ప్రూఫు మీద సంతకానికి నన్ను పెద్దాయన ఇంటికి పంపిస్తుంటే, సెలవు పెట్టి మరీ వెంటపడింది. ఏం చేస్తుందో నాకు తెలుసు. వద్దని గట్టిగా చెప్పలేకపోయాను.

పుస్తకాలు నిండిన ముందు గదిలో కూర్చోబెట్టారు. ఆయన భార్య మంచినీళ్ళిచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. పెద్దాయన పెన్ను తీశారో లేదో అక్క అడిగేసింది.

"సార్, ఆవిడ ఏమైంది?"

"ఎవరమ్మా?"

"అక్క. చొక్కాలివ్వడానికి వెళ్ళింది కదా."

ఆయన నవ్వారు. "ఓ, ఆ పాత్రా! ఆవిడ పని అక్కడితో సరి. నవల్లో అందర్నీ చివరిదాకా మోసుకెళ్ళలేం. కొందరు తలుపు తియ్యడానికే వస్తారు, తీసి వెళ్ళిపోతారు."

"తలుపు తీసినావిడ కాదు సార్. పన్నెండేళ్ళు అన్నం పెట్టినావిడ."

నవ్వు పోయింది. ఆయన కాసేపు పేజీలు తిప్పి, "అంత బెంగగా ఉంటే ఒక వాక్యం వేసుకోండి. 'ఆ ఏడే అక్క జ్వరంతో పోయింది.' చాలా?" అని, కాగితాల మీద గీరినట్టు సంతకం పెట్టి నా వైపు తోశారు.

గేటు దగ్గర మా వెనకాల చెప్పుల చప్పుడైంది. ఆయన భార్య. గేటు గొళ్ళెం వేసే మిషతో వచ్చినట్టున్నారు.

"ఆవిడ పోలేదమ్మా" అన్నారు, ఇంటి వైపు చూస్తూనే. "మా ఆడపడుచు బతికే ఉంది. ఇంకా కాజాలే కుడుతోంది, చూపు ఆనకపోయినా. ఏడాదికి రెండు ఉత్తరాలు రాస్తుంది, జవాబులు నేనే రాస్తాను. ఈయనకు చెప్పబోతే తర్వాత చూద్దాం అంటారు. ముప్ఫై ఏళ్ళ నుంచీ తర్వాతే."

ప్రెస్సుకి రాగానే అక్క ఎర్ర పెన్ను తీసి, తొమ్మిదో ప్రకరణం చివర రెండు ముక్కలు రాసింది: "అక్క ఉంది. ఎవరూ వెళ్ళి చూడలేదు."

"అక్కా, ఆయన చెప్పింది ఇది కాదు."

"తెలుసు."

"ఉద్యోగం ఊడుతుంది."

"తెలుసన్నాను కదా. బతికున్న మనిషిని నా చేత్తో చంపమంటే ఎలా? నువ్వు చదువు, నేను సరిచూస్తాను."

చదివాను. చుక్కలతో సహా చదివాను. ఎక్కడా ఆపలేదు, ఓనరు గారికి చెప్పనూ లేదు. ధైర్యమనుకోకండి. ఎటూ తేల్చుకోలేక ఊరుకున్నానంతే.

పుస్తకం వచ్చిన నాలుగో వారం ఓనరు గారు ఒక ప్రతి పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చారు. ఎవరో పాఠకుడు ఆ వాక్యం చాలా బాగుందని పెద్దాయనకు ఉత్తరం రాశాడట. ఆయన ఏ వాక్యమా అని తీసి చూసుకున్నారట. "ఎవరి పనిది?" అన్నారు ఓనరు గారు. ప్రూఫు చదివింది ఇద్దరం. నేను తల దించుకుని గుండుసూదుల డబ్బా సర్దాను. అక్క లేచి నిలబడి, "నాదే" అంది. సంచీ సర్దుకోడానికి పది నిమిషాలు పట్టలేదు. గుమ్మం దగ్గర ఆగి నావైపు చూసింది. ఏదో ఒకటి అనాల్సింది నేను. అనలేదు.

మరో వారానికి ఫోను మోగింది. ఓనరు గారు లేరు, నేనే తీశాను. పెద్దాయన.

"ఆ ప్రూఫు చూసే ఆవిడున్నారా?"

"లేరు సార్, తీసేశారు."

ఆయన గొంతు తగ్గించి అడిగారు. "మా అక్క ఉందని ఆవిడకెలా తెలుసు? ఎక్కడుంటుందో ఏమైనా చెప్పారా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వారం రోజులుగా ఎవరిమీద చూపించాలో తెలీని కోపం. "ఆ అడ్రసు మీ ఇంట్లోనే ఉంది సార్. ముప్ఫై ఏళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నది మీ ఆవిడే. గది దాటి వెళ్ళి అడగండి. సొంత అక్క ఎక్కడుందో ప్రెస్సుకి ఫోను చేసి కనుక్కుంటారా ఎవరైనా?" అనేశాను. అని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన కోప్పడలేదు. "నిజమే బాబూ. అడుగుతాను" అన్నారు. "ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పాలి. ఆ ప్రూఫు చూసినావిడ దగ్గరికి. ఇల్లెక్కడ?"

నోరు తెరిచాను. బస్సులో వచ్చేదని తెలుసు. ఏ బస్సో తెలీదు. ఇంట్లో ఎవరున్నారో, అసలెవరైనా ఉన్నారో లేదో తెలీదు.

"హలో" అన్నారాయన. "పక్కనే కూర్చునేవాడివి నువ్వేగా?"