ఓదిల్ మర్గొలే నటించలేదట

ఫ్రాన్స్‌లోని బులోన్ రేవులో చేపలు కోసే ఆడవాళ్ళందరిలోకీ వాగుడుకాయ ఎవరని అడిగితే, ఎవరైనా ఓదిల్ మర్గొలే పేరే చెబుతారు. ముప్పై నాలుగేళ్ళు ఒకే షెడ్డులో, ఒకే బల్ల దగ్గర నిలబడి కాడ్ చేపల ముళ్ళు తీసింది. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఆమె నోరు మూసుకున్నది పన్ను పీకించుకున్న రోజు ఒక్కటేనని పక్క బల్ల యొలాంద్ అంటుంది. ఓదిల్ పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఆదివారం వస్తే యొలాంద్ ఇంట్లో పేకాట, ఉడికించిన ఆల్చిప్పలు, వేయించిన బంగాళాదుంపలు. మేస్త్రీ నడకనీ, పాదిరీ గారి దగ్గునీ, వేలంపాటగాడి గొంతునీ అచ్చు దింపి చూపిస్తుంటే బల్లల దగ్గర ఆడవాళ్ళు కత్తులు కింద పెట్టి మరీ నవ్వేవారు. దాన్ని ఎవరూ కళ అనలేదు. ఓదిల్ కూడా అనుకోలేదు.

ఆమెకు యాభై ఏడో ఏట, సెవ్రీన్ లకాజ్ అనే దర్శకురాలు పారిస్ నుంచి వచ్చింది. రేవు మీద సినిమా తీస్తోంది, తల్లి వేషానికి ఊళ్ళో మనిషే కావాలంది. చేపల బజారు వెనక హాల్లో ఆడవాళ్ళు వరస కట్టారు. యొలాంద్ జుట్టు ఉంగరాలు చుట్టించుకుని మరీ వెళ్ళింది. తోడుగా ఓదిల్‌ని లాక్కెళ్ళింది. యొలాంద్‌ని రెండు నిమిషాల్లో పంపేశారు. గోడవారన కుర్చీలో కూచున్న ఓదిల్‌ని మాత్రం ఉండమన్నారు.

"నీకు తోడొచ్చిన పాపానికి నాకు చుట్టుకుందే ఇది," అంది ఓదిల్ బయటికొచ్చి.

"చుట్టుకోనీ. ఉంగరాల జుట్టు నాకు, వేషం నీకూనా? ఏడవాల్సింది నేను," అంది యొలాంద్. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కాఫీ తెచ్చిచ్చింది.

సినిమా పేరు 'ఉప్పు మెట్లు'. అందులో తల్లి పేరు ఫెర్నాంద్. ఆమె కొడుకు తాగి పడవ నడిపి ముగ్గుర్ని ముంచేశాడు. ఎనిమిదేళ్ళు జైల్లో ఉండి ఇంటికొస్తాడు. సగం సినిమా వరకూ ఆ తల్లి ఒక్క మాట మాట్లాడదు. వాడిని క్షమించదు, గెంటెయ్యదు. మొదటి రోజు తీసిన సీను, కొడుకు ముందు గిన్నెడు సూప్ పెట్టి, తను కూచోకుండా నిలబడిపోవడం.

"ఓదిల్ గారూ, మీరేమీ ఆలోచించకండి. మీ ఇంట్లో అయితే ఎలా చేస్తారో అలా చెయ్యండి," అంది సెవ్రీన్.

"మా ఇంట్లో అయితేనా? వాణ్ణి వాటేసుకుని భోరుమంటాను. ఆ తర్వాత ఓ గంటసేపు తిడతాను. ఈవిడ అలా చెయ్యదుగా. ఎందుకు కూచోదు ఈవిడ?"

దానికి జవాబు ఓదిలే వెతుక్కుంది. చిన్నప్పుడు తన మేనత్త, భర్త సముద్రంలో పోయాక, ఏడాదిపాటు వంటింట్లో కుర్చీ మీద కూచోలేదు. కూచుంటే ఆ కుర్చీ ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూడాల్సొస్తుందని. ఆ సంగతి గుర్తుకు తెచ్చుకుంది. మేనత్త నిలబడినప్పుడు ఎడమ చెయ్యి కుర్చీ వీపు మీద ఎలా ఆన్చేదో, ఎంత బరువు వేసేదో అద్దం ముందు నిలబడి పట్టుకుంది. గళ్ళ నోటుపుస్తకం ఒకటి కొని, ప్రతి సీనుకీ ఫెర్నాంద్ పైకి అనని మాటలన్నీ అందులో రాసుకుంది. ఆ మాటల్ని లోపల అనుకుంటూ, పెదవి కదలకుండా ఉండడం నేర్చుకుంది. వాగుడుకాయకి అదెంత కష్టమో ఆమెకే తెలుసు. రాత్రి దవడలు నొప్పెట్టేవి. సూప్ సీను ఇరవై ఏడు సార్లు తీశారు. ఇరవై ఏడోసారి, కొడుకు వేషం వేసిన కుర్రవాడు గిన్నె ముందు నుంచి లేచి బయటికెళ్ళి కాసేపు మెట్ల మీద కూచుండిపోయాడు.

సినిమా ఆ శరదృతువులో విడుదలైంది. పత్రికలన్నీ ఓదిల్ ముఖాన్ని ఆకాశానికెత్తాయి. ముఖాన్నే, గమనించండి. 'రాతిలో చెక్కినట్టున్న ముఖం' అన్నారు, 'సముద్రం కోసిన ముఖం' అన్నారు. ఆమె షెడ్డులో, ట్యూబులైటు కింద పనిచేస్తుంది. సముద్రం ఆమె ముఖాన్ని ఏమీ కొయ్యలేదు. యొలాంద్ ఆ కాగితాలన్నీ కత్తిరించి డబ్బాలో దాచింది. ఓదిల్ మొదట్లో సంతోషపడింది కూడా. సెవ్రీన్ టీవీలో మాట్లాడేదాకా.

"నేను ఆవిడకి ఏమీ నేర్పలేదు, ఆవిడ ఏమీ నేర్చుకోలేదు," అంది సెవ్రీన్, ఎంతో ప్రేమగా నవ్వుతూ. "కెమెరా పెట్టాను, ఆవిడ బతికింది. తను నటిస్తున్నానని కూడా ఆవిడకి తెలీదు. అదే ఆ అద్భుతం."

ఓదిల్ చేతిలో పేకముక్కలు టేబుల్ మీద పెట్టేసింది.

"తెలీదా? ఇరవై ఏడు సార్లు నిలబడ్డాను. నేనేమన్నా నిద్రలో నడుస్తున్నానా?"

"మెచ్చుకుంటోందే, అలా కాదు," అంది యొలాంద్.

"కుక్క రెండు కాళ్ళ మీద నిలబడితే కూడా ఇలాగే మెచ్చుకుంటారు."

జనవరిలో ఒర్తాన్స్ బహుమతుల జాబితా వచ్చింది. ఏటా చలికాలం చివర పారిస్‌లో ఇచ్చే ఆ బహుమతులు నటీమణులకు మాత్రమే. ఉత్తమ నటికి పోటీపడే అయిదుగురిలో నాలుగు పేర్లు ఊరూవాడా తెలిసినవి. అయిదోది ఓదిల్ మర్గొలే. షెడ్డులో ఆడవాళ్ళు బల్లల మీద కత్తుల పిడులతో దరువేశారు. ఆ వారమే రేడియోలో ఒక విమర్శకుడు అన్న మాట యొలాంద్ దాచాలని చూసింది గానీ, రేవులో ఏది దాగుతుంది? "చేప ఈదిందని బహుమతి ఇస్తామా?" అన్నాడట ఆ పెద్దమనిషి.

పుండు మీద కారంలా, పది రోజులకి కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. నలుగురు నటీమణులతో ఒక మామూలు మనిషిని పోటీ పెట్టడం ఆమెకే అన్యాయమని పెద్దలు ఆలోచించారట. అందుకని ఆమె పేరును ఆ జాబితాలోంచి తీసి, ఆమె కోసమే ఒక కొత్త గౌరవం సృష్టించారట. దాని పేరు 'నిజజీవిత ముఖం'. వేదిక మీదికి ఆమె పని బట్టల్లో, నీలం ఏప్రన్‌తో, రబ్బరు బూట్లతో వస్తే సభకు నిండుదనం వస్తుందని చివర్లో ఒక వాక్యం.

ఓదిల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని, శుక్రవారం సెలవు పెట్టి, పారిస్ రైలెక్కింది. యొలాంద్ వెంటెళ్ళింది. "నువ్వొక్కదానివీ వెళ్తే ఎవర్నో ఒకర్ని కోసి వస్తావ్," అని.

కమిటీ గదిలో ఏడుగురున్నారు. అధ్యక్షుడు ఒలివియే ద బ్రెస్సాక్, తెల్ల జుట్టు, సన్నటి వేళ్ళు. లేచి నిలబడి కుర్చీ లాగి మరీ కూచోబెట్టాడు. ఓదిల్ నోటుపుస్తకం ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు. దాని మీద అరచెయ్యి ఆనించాడు, అంతే.

"మేడమ్, మీరు అపార్థం చేసుకున్నారు. మీలో నటన లేదు. అదే మీ గొప్పతనం. వీళ్ళంతా ఏళ్ళ తరబడి కష్టపడితే వచ్చేది మీకు... ఊరికే ఉంది."

"ఊరికే ఉందా? నాకు పిల్లల్లేరండీ. మా ఇంట్లో జైలుకెళ్ళినవాళ్ళు లేరు. నేను నోరు మూసుకోలేని మనిషిని, కావాలంటే ఈవిణ్ణి అడగండి."

"దేవుడి సాక్షిగా," అంది యొలాంద్.

"ఆ ఫెర్నాంద్‌కీ నాకూ కలిసింది ఊరొక్కటే. నేను చేసింది నటన కాకపోతే మరేంటి?"

ద బ్రెస్సాక్ చొక్కా చేతుల్ని ఒకదాని తర్వాత ఒకటి కిందికి లాక్కుని, ముఖ్యమైన మాట ముందు కళ్ళు మూసుకుని, "అదొక... ఉనికి, మేడమ్," అన్నాడు.

ఓదిల్ లేచింది. లేని చొక్కా చేతుల్ని లాక్కుంది. వేళ్ళు సన్నగా చేసి గాల్లో పెట్టింది. మెడ కొంచెం పొడుగైంది, గొంతు ముక్కులోకి పోయింది. "మీలో కష్టం లేదు, మేడమ్," అని, కళ్ళు మూసి, తెరిచి, "అదే మీ... పరిమళం," అంది. కమిటీలో ఒకావిడ మంచినీళ్ళు మింగలేక దగ్గింది. ఇద్దరు తలలు దించుకున్నారు, భుజాలు కదులుతున్నాయి.

ఓదిల్ మళ్ళీ ఓదిల్ అయిపోయి అడిగింది. "ఇప్పుడు చెప్పండి. నేను కమిటీ అధ్యక్షుడిగానే పుట్టానా?"

ఆయన నవ్వలేదు. "అది అనుకరణ, మేడమ్. నటన కాదు," అన్నాడు, ఎప్పటంత మర్యాదగానూ. కూచుంటే ఉనికి, లేస్తే అనుకరణ. ఈవిడ ఏం చేస్తే నటన అవుతుందో ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. ఆ గౌరవం తనకి వద్దని, సభకి రానని, కావాలంటే రాసిస్తానని ఓదిల్ అంది. రాసిచ్చి, సంతకం పెట్టి వచ్చేసింది.

సభ రోజు యొలాంద్ ఇంట్లో టీవీ ముందు షెడ్డు ఆడవాళ్ళు ఆరేడుగురు చేరారు. ఓదిల్ చూడనంటూనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మధ్యలో ద బ్రెస్సాక్ వేదిక మీదికి వచ్చాడు. వెనక తెర మీద ఓదిల్ ఫొటో పడింది. ఏప్రన్, బూట్లు, చేతిలో కత్తి. ఎప్పుడు తీశారో, ఎవరు ఇచ్చారో ఆమెకు తెలియదు.

"ఈ ఏడాది 'నిజజీవిత ముఖం' మేడమ్ మర్గొలేది. రేపు పొద్దున్నే పనిలోకి వెళ్ళాలి కాబట్టి ఆవిడ రాలేకపోయారు," అన్నాడు. పట్టు గౌన్లూ నల్లకోట్లూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"అబద్ధం," అంది ఓదిల్. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆ గొంతు విని యొలాంద్ టీవీ కట్టేసింది.

ఆ వారమే ఊరి పత్రికకి ఆమె ఉత్తరం రాసింది. పత్రికవాళ్ళు ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. 'నేను పని ఉండి రాలేదన్నది అబద్ధం. నా పనిని పని కాదన్నందుకు రాలేదు. చేపలు కోయడం నాకు రెండేళ్ళలో వచ్చింది. ఫెర్నాంద్ వేషానికి నేను పడ్డ కష్టం అంతకంటే తక్కువేం కాదు. బూట్లు వేసుకున్న మనిషికి బుర్ర ఉండదనుకునేవాళ్ళు నా ముఖాన్ని మెచ్చుకోనక్కర్లేదు. దాన్ని తిరిగి ఇచ్చేయండి.'

ఆ ఉత్తరం పారిస్ దాకా పాకింది. ఒక సాయంత్రం ఫోన్ మోగింది. ఆ ఏడు ఉత్తమ నటి బహుమతి అందుకున్న ఎదిత్ వొక్లేర్.

"మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను," అందామె. "నాకు ఇరవై రెండేళ్ళప్పుడు అందంగా ఉన్నాను కాబట్టి నటన అక్కర్లేదన్నారు. నలభై అయిదప్పుడు విడాకులు తీసుకుంటే, తెర మీద నా ఏడుపు నిజమైన ఏడుపే అన్నారు. మగవాడు ఏడిస్తే మాత్రం అది విద్య. ఆ రాత్రి వేదిక మీద ఈ మాట చెప్పాల్సింది. నోరు రాలేదు."

"అవును, చెప్పాల్సింది," అంది ఓదిల్. ఓదిల్ ఫర్వాలేదులెండి అనలేదు. ఫర్వా ఉంది కాబట్టి.

మరుసటి ఏడు ఎదిత్ కమిటీకి ఉత్తరం రాసి, ఆ 'ముఖం' గౌరవాన్ని ఎత్తెయ్యమంది. వాళ్ళు ఎత్తెయ్యలేదు. ఆ ఏడు ఒక సినిమాలో వేషం వేసిన, మార్సెయ్‌లో ఆఫీసులు తుడిచే ఒకావిడకి ప్రకటించారు. ఓదిల్ నంబరు సంపాదించి ఆవిడకి ఫోన్ చేసింది.

"తీసుకోకు, అమ్మాయ్. నీ కష్టాన్ని కష్టం కాదంటున్నారు."

"అక్కా, నాకు జీవితంలో ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇది టీవీ పక్కన పెడితే బావుంటుంది. మా అమ్మ చూసుకుంటుంది," అందావిడ.

ఓదిల్‌కి కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక రెండు రోజులు అందరి మీదా వచ్చింది. మూడో రోజు, ఆవిడ మీద కాదులే అని యొలాంద్‌తో అంది.

ఈలోగా వేషాలు వస్తూనే ఉన్నాయి. చేపలమ్మే మనిషి, పనిమనిషి, తాగుబోతు తల్లి, మళ్ళీ చేపలమ్మే మనిషి. ఏడింటిని కాదంది. సెవ్రీన్ స్వయంగా వచ్చి, తన తర్వాతి సినిమాలో ఒక జాలరి విధవ వేషం ఉందని చెప్పింది. ఓదిల్ కాఫీ ఇచ్చి, "ఆ వేషానికి నిజమైన విధవని చూసుకో తల్లీ, నీకు పని తక్కువవుతుంది," అంది. సెవ్రీన్ ముఖం ఎర్రబడింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, టీవీలో తను అన్న మాట తప్పని ఒప్పుకుంది. ఓదిల్ తల ఊపింది. వేషం మాత్రం తీసుకోలేదు.

ఎనిమిదోది లీల్ పట్నం నుంచి వచ్చింది. ఒక టీవీ సినిమాలో జడ్జి వేషం. మాటలు బోలెడు, చట్టాల పేర్లతో సహా. ఓదిల్ షెడ్డులో వారం సెలవు అడిగి, అరాస్ ఊరి కోర్టుకి వెళ్ళి, వరసగా మూడు రోజులు జనంలో వెనక బల్ల మీద కూచుంది. అక్కడి జడ్జి నడివయసు మనిషి. ముద్దాయి అబద్ధం చెబుతున్నప్పుడు ఆవిడ పెన్ను మూత పెట్టేస్తుంది. ఓదిల్ అది కనిపెట్టింది. పక్కన కూచున్న ముసలాయన, ఇక్కడ మీ బంధువుల కేసేమైనా నడుస్తోందా అని అడిగాడు.

"లేదండీ, పని మీద వచ్చాను," అని ఓదిల్ మళ్ళీ జడ్జి వైపు చూసింది.