బేచిరాక్ అని రాశారు

మా జమ్ములంకలో మనుషులు లేరని కాగితం మీద రాసి పెట్టారు. ముప్పై ఒక్క గడప ఉంది. పొయ్యిలున్నాయి, పాడి ఉంది, ఉయ్యాలల్లో పిల్లలున్నారు. అయినా లేరనే రాశారు. రాసినవాడు ఏటి ఒడ్డు దాకా వచ్చి కూడా చూసి ఉండడని నా అనుమానం. ఆ సంగతి జరిగి అరవై ఏళ్ళు దాటినా నాకు ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మొన్న జగ్గయ్యపేటలో ఒక సైకిలు షాపు ముందు ఆగాను. మెకానిక్ గొలుసును కిరసనాయిల్లో వేసి కడుగుతున్నాడు. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, మండుటెండలో ఒక తాలూకా కచేరీ వరండా మీద వరసగా వెలుగుతున్న బుడ్డిదీపాలు కళ్ళ ముందుకొచ్చాయి. వాటి వెనక నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మీరమ్మత్త కనిపించింది. ఆవిడను ఎరిగినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమో ముగ్గురమో మిగిలాం. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కృష్ణ రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేచోట, నడుమ ఒండ్రు మేటవేసి తేలిన నేల మాది. దోస, పుచ్చ, మిరప, జొన్న ఏది వేసినా పండేది. ఇళ్ళన్నీ రెల్లుగడ్డివి. వేసవిలో మోకాటి లోతు నీళ్ళలో నడిచి ఒడ్డుకు చేరేవాళ్ళం. మిగతా రోజుల్లో పుట్టి ఎక్కాలి. అది గుండ్రంగా, పెద్ద బుట్టలా ఉంటుంది, తెడ్డు వెయ్యడం రానివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఉప్పు, అగ్గిపెట్టె, కిరసనాయిలు అన్నీ జగ్గయ్యపేట నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చుకోవలసిందే. బడి లేదు. వైద్యుడు లేడు. బెల్లం చుట్టి ఇచ్చిన పత్రిక ముక్కలను విప్పి, ఒడ్డున కనిపించిన వాళ్ళనల్లా ఇదేం అక్షరమని అడిగి చదువు నేర్చుకున్నవాణ్ణి నేను. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి లంక మొత్తానికి చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకు కాస్త పొగరుగా కూడా ఉండేవాణ్ణి.

ఆ పొగరు దించింది మీరమ్మత్తే. అసలు పేరు మీరాబీ. నైజాం వైపు పుట్టి మా లంకకు కోడలుగా వచ్చింది. మంత్రసాని. నాతో సహా మా ఈడువాళ్ళందరి బొడ్డూ కోసింది ఆవిడే. అక్షరం ముక్క రాదు. ఒకరోజు నేను పత్రిక ముక్క పట్టుకుని గొంతెత్తి చదువుతుంటే మిరపకాయల తొడిమలు తీస్తూ చివరిదాకా విన్నది. తర్వాత తాపీగా, "బాగానే చదివావురా కోటిగా. ఎవడో రాసింది చదవటం వచ్చింది. మనకేం కావాలో రాయటం వచ్చా నీకు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాతి శ్రావణంలో కృష్ణ పొంగింది. ఇళ్ళలోకి నీళ్ళొస్తే పిల్లాజెల్లా అందరం లంక నడుమ ఉన్న దిబ్బ ఎక్కాం. మూడో రోజున బియ్యం బస్తాలతో ఒక సర్కారు పడవ కనపడింది. పంచెలు విప్పి ఊపాం, గొంతులు పోయేలా అరిచాం. పడవలోని ఒకాయన, మేమేదో పలకరిస్తున్నామనుకున్నాడు కాబోలు, తనూ చెయ్యి ఊపి దిగువ లంకకు వెళ్ళిపోయాడు. అయిదు రోజులు నానిన జొన్నలు నమిలి బతికాం. నా చెల్లెలు రత్తమ్మ అప్పుడు నిండు నెలలతో ఉంది. నలుగురు ఆడవాళ్ళు తడి చీర పందిరిలా పట్టుకుంటే, ఆ వానలోనే మీరమ్మత్త పురుడు పోసింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు.

నీళ్ళు తీశాక అత్త నన్ను వెంటబెట్టుకుని ఒడ్డున ఉన్న కరణం దగ్గరకు వెళ్ళింది. పడవ ఎందుకు ఆగలేదని అడిగింది. ఆయన మంచివాడే. పడవవాళ్ళకిచ్చిన జాబితాలో మా లంక లేదన్నాడు, ఎందుకు లేదో మమ్మల్నే చూసుకోమని ఊళ్ళ లెక్కల పుస్తకం నా ముందుకు తోశాడు. జమ్ములంక అన్న పేరు ఎదురుగా 'బేచిరాక్' అని ఉంది. పైకి చదివానే గాని నాకేమీ అర్థం కాలేదు. అత్త మొహం మాత్రం మారిపోయింది.

"బే అంటే లేదని. చిరాగంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేని ఊరని రాసారురా మనల్ని."

ఇక మేం చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. దీపం లేదని రాశారు గదా, ఉన్నదని చూపిస్తే సరిపోతుందనుకున్నాం. ఇంటికొకటి చొప్పున బుడ్డిదీపాలు పోగుచేసి, రెండు గంపలకెత్తి, పుట్టిలో ఏరు దాటి బస్సెక్కాం. కంపు కొడుతున్నాయని కండక్టరు దారి పొడుగునా సణిగాడు. ఆ కచేరీ ఏ ఊళ్ళోదో చెప్పను. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళు ఆ తప్పు చేసినవాళ్ళు కారు. వరండా మీద అత్త దీపాలన్నీ బారుగా పెట్టి ఒక్కొక్కటే వెలిగించింది. గుమాస్తాలు పనులాపి మూగారు. లోపలినుంచి తహసీల్దారు వచ్చి, పట్టపగలు ఈ దీపాలేమిటని అడిగాడు.

"మా లంకలో దీపం లేదని మీరు రాసుకున్నారంటండి. చూసుకుంటారని తెచ్చాం."

హెడ్ గుమాస్తా నవ్వు ఆపుకోలేక, అది పాతకాలపు కచేరీ మాటని, జనం లేని ఊళ్ళన్నిటికీ అలాగే రాస్తారని, దీపాలతో దానికేం పని లేదని చెప్పాడు. అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయి దీపాలు ఆర్పబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మాట అర్థం తెలియంది మాకాండి, రాసినోళ్ళకాండి? సరే, జనం లేరనే అన్నారు. మొన్న వరదలో దిబ్బ మీద నేను బొడ్డు కోసిన పిల్ల ఎవరి పిల్లండి మరి?"

తహసీల్దారు దీపాల వంక చూసి, ఆ మాటే అర్జీగా రాసి ఇచ్చుకోమన్నాడు.

అక్కడే వేపచెట్టు కింద కూర్చుని రాశాను. అర్జీలంటే ఎలా ఉంటాయో నాకు తెలుసు గనక, 'దివ్య సముఖమునకు, తమ పాదసేవకులు సాష్టాంగపడి' అని మొదలుపెట్టాను. చదివి వినిపిస్తే, ఎవడి పాదాలని అత్త అడిగింది. అది రివాజన్నాను.

"కొట్టెయ్. మనం బిచ్చానికి రాలేదు, వాళ్ళ తప్పు వాళ్ళకి చెప్పటానికొచ్చాం. తప్పు చెప్పేవాడు వంగి చెప్పాడంటే తప్పు వాడిదే అనుకుంటార్రా."

కొట్టేశాను. నాలుగు వాక్యాలు మిగిలాయి. నేను రాసిన మొదటి అర్జీ అదే.

జవాబు రాలేదు. నెలకొకటి రాశాం. ఒక్కో అర్జీకి ఒక్కో ఇంటి సంగతి అత్త చెప్పేది: ఆ ఇంట్లో ఎవరెవరు పుట్టారు, ఏ వానలో, ఏ ఎండలో. రెండేళ్ళు గడిచాయి. జనం విసిగిపోయారు. ఒడ్డున గుడిసెలు వేసుకుందామని మా నాన్నే అన్నాడు. అత్త ఇల్లిల్లూ తిరిగింది. "మనం లేచిపోతే వాళ్ళు రాసింది నిజమైపోద్ది" అని ఒకే మాట అందరికీ చెప్పింది. ఒక్క ఇల్లూ కదల్లేదు.

తర్వాత జీవితమంతా నందిగామలో, జగ్గయ్యపేటలో ఎందరికో అర్జీలు రాసి పెట్టాను. భూమి పోయినవాళ్ళకు, పింఛను రానివాళ్ళకు, ఉద్యోగం ఊడినవాళ్ళకు. ఒక్కదానిలోనూ పాదాలు లేవు. కోటయ్య అర్జీ పెడసరంగా ఉంటుందని ఆఫీసుల్లో అనుకునేవారట. ఆ పెడసరం నాది కాదు. అక్షరం రాని ఒక ఆడమనిషి నా చేత దిద్దించిన రాత అది. నాకున్న చదువల్లా అదే, దాన్ని ఏ పట్టా ఇచ్చినా మార్చుకోను.

మా లంక అర్జీలు మొదలైన మూడో ఏడు, వానలకు ముందు, తపాలా జవాను పుట్టిలో బిక్కుబిక్కుమంటూ కూర్చుని మా లంకకు వచ్చాడు. మా లంక పేరున వచ్చిన మొట్టమొదటి ఉత్తరం తెచ్చాడు. రేవులోనే జనం మూగారు. అత్త చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. ముందు నాకోసం చదువుకున్నాను. తర్వాత ఆవిడ కోసం, ఎక్కడా వంగకుండా, గొంతెత్తి చదివాను:

"జమ్ములంక నివాసులకు తెలియజేయునది. మీ లంకను బేచిరాక్ అని వ్రాయుట మా పొరపాటు. ఆ మాట కొట్టివేయడమైనది. ఇకమీదట వరద పడవ మీ రేవున ఆగును."