మహాబలిపురం అలల మీద మా ఇంటి పిల్ల

మా ముత్తాత రాఘవరావు దేశ్‌ముఖ్. షామీర్‌పేటకూ మేడ్చల్‌కూ మధ్య ఉన్న పల్లెల్లో శిస్తు వసూలు ఆయన పేరు మీదే జరిగేది. ఆయన కొడుకు, మా తాత నరసింగరావు, ఆ పల్లెల్లో పొలం గట్ల తగాదాలు తీర్చేవాడు. మా నాయిన కాలానికి శిస్తూ పోయింది, గుర్రాలూ పోయాయి, 'దొరవారు' అనే పిలుపు మాత్రం మిగిలింది. నా కాలానికి అదీ లేదు. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. మా వంశంలో ఇంకొకరి చేతి నుంచి నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని.

మా తాత గట్టు తగాదాను ఇంట్లో కూర్చుని తీర్చేవాడు కాదు. చెప్పులు విడిచి, ఆ గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా తానే నడిచేవాడు. వానాకాలమైతే మోకాటి లోతు బురదలో నడిచేవాడు. నడవని గట్టు మీద తీర్పు చెప్పకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. నేను యాభై ఏడేళ్ల వయసులో సముద్రంలో దిగడానికి కారణం ఇదే.

మా అమ్మాయి కల్యాణికి ఇరవై మూడేళ్లు. వేసవిలో స్నేహితురాళ్లతో నాలుగు రోజులకని మహాబలిపురం వెళ్లి, అక్కడ సర్ఫింగ్ నేర్పే ఒక బడిలో సహాయకురాలిగా ఉండిపోయింది. సర్ఫింగ్ అంటే పొడవాటి బోర్డు మీద నిలబడి అలతో పాటు ఒడ్డుకు రావడం. సెలవుల సరదా అనుకుని ఊరుకున్నాం. మూడు నెలలు దాటాక ఫోన్ చేసింది.

"నాయినా, వీళ్లు ఏడాది కొలువు ఇస్తమంటున్నరు. నువ్వొద్దంటే బ్యాగు సర్దుకొని వచ్చేస్త. గని ఒక్కసారొచ్చి చూసినంకనే వద్దను."

మా ఇంటి పిల్ల నలుగురి ముందు తడిబట్టలతో నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఆట నేర్పి డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు. వద్దనడానికే టికెట్ తీశాను. మా ఆవిడ శారద సద్ది కడుతూ ఒకటే మాట అంది. "పోంగనే ఒర్రకుండ్రి. మీ తాతలెక్క మంచిగ చూసి చెప్పుండ్రి."

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు మేడ్చల్ డిపో ముందు సికింద్రాబాద్ బస్సెక్కాను. కొంపల్లి దగ్గర బస్సు నత్తలా నడిచింది. ఈ దారిన రైలు అందుకోవలసిన వాళ్లు రెండు గంటలైనా చేతిలో పెట్టుకోవాలి. సాయంత్రం చెన్నై బండి, స్లీపర్ టికెట్ నాలుగు వందల పైచిలుకు. ఎదురు బెర్తుల్లో పేట్ బషీరాబాద్‌లో కాపురముంటున్న నెల్లూరు దంపతులు. సద్ది విప్పి సర్వపిండి ఇస్తే ఆమె తిని, "ఇది మా తపాలచెక్కే కదండీ" అంది. ఆ తరువాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"చెన్నైలో ఎవరున్నారండీ?"

"మా బిడ్డ ఉంది. మహాబలిపురంల."

"ఏం చేస్తుందండీ?"

మా ఇంట్లో అబద్ధం చెప్పే అలవాటు లేదు. "సముద్రం అలల మీద నిలబడుడు నేర్పుతది" అన్నాను.

"నిలబడ్డానికి జీతమిస్తారా?" అని ఆమె భర్త వైపు తిరిగింది. "విన్నారా? నేను పొద్దున అయిదింటి నుంచి వంటింట్లో నిలబడే ఉంటున్నా."

"నీ కింద అలలేవీ?" అన్నాడాయన దుప్పటి కప్పుకుంటూ.

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగాను. వద్దనాలన్న నా నిర్ణయం ఆ నవ్వుతో ఇంకాస్త గట్టిపడింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి చెన్నై. స్టేషన్ బయట ఇడ్లీ, కాఫీ. సిటీ బస్సులో తిరువాన్మియూరు వెళ్లి, అక్కడ తీరం రోడ్డు మీద పోయే మహాబలిపురం బస్సెక్కాలి. ఎడమ వైపు కూర్చుంటే మధ్యమధ్య సముద్రం కనిపిస్తుంది. పదకొండున్నరకు దిగాను. కల్యాణి బస్టాండులో నిలబడి ఉంది. ఎండకు బాగా నల్లబడింది, భుజాలు గట్టిపడ్డాయి. నా సంచీ లాక్కుని భుజాన వేసుకుంది. "నాయినా, మొహం అప్పుడే తీర్పు చెప్పినట్టు పెట్టినవ్ ఏంది?" అంది. బస్టాండుకు దగ్గరలోనే లాడ్జి, గది రోజుకు ఎనిమిది వందలు. శని, ఆదివారాల్లో ఇంకా ఎక్కువ అడుగుతారు కాబట్టి వీలైతే వారం మధ్యలో వెళ్లడం మేలు.

ఆ మధ్యాహ్నం ఊరు చూశాను. పల్లవ రాజుల కాలంలో ఇది పెద్ద రేవు. ఇక్కడి నుంచి ఓడలు తూర్పు దీవులకు వెళ్లేవి. అయిదు రథాలు అనే గుళ్లు పేర్చి కట్టినవి కావు, కొండరాయిని పైనుంచి కిందికి చెక్కుతూ తీసినవి. పెద్ద బండ మీద చెక్కిన తపస్సు శిల్పాన్ని కొందరు అర్జునుడిదంటారు, కొందరు భగీరథుడిదంటారు. దాని కింద ఒక పిల్లి కూడా ముందరి కాళ్లెత్తి తపస్సు చేస్తోంది, ఎలుకలు దానికి మొక్కుతున్నాయి. తప్పక చూడాలి. వాలు మీద జారకుండా నిలిచిన గుండ్రటి బండను వెన్నముద్ద అంటారు, దాని నీడలో మేకలు పడుకుని ఉన్నాయి. వీధుల్లో ఇప్పటికీ ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. రాజులు పోయినా చెక్కేవాళ్లు పోలేదు. తీరంలోని గుడి దగ్గర, ఇలాంటివే ఇంకో ఆరు సముద్రంలో మునిగాయని చెబుతారు. సునామీ రోజు నీళ్లు వెనక్కి పోయినప్పుడు రాళ్ల వరస బయటపడిందని జాలర్లు అంటారు.

సాయంత్రం కల్యాణి తన బడి పెద్ద శేఖర్‌ను పరిచయం చేసింది. నలభై ఏళ్ల జాలరి. తల్లిది నెల్లూరు తీరం కావడంతో తెలుగు వచ్చు. సర్ఫింగ్ ఈ ఊరికి ఎలా వచ్చిందని అడిగాను.

"మా నాయన కట్టుమరం మీద నిలబడి వల వేసేవాడు సార్. మూడు దుంగలు కట్టిన తెప్ప. దానికెవరూ చప్పట్లు కొట్టలా. తర్వాత తెల్లోళ్లు బోర్డులు తెచ్చినారు. వాళ్లు పడతా లేస్తా ఉంటే మేం పిల్లకాయలం చూసినాం. పగిలిన పడవ చెక్క తీసుకొని మేమూ దిగినాం. రెండో రోజే నిలబడినాం. ఎందుకు నిలబడం? మూడు తరాలుగా నిలబడే ఉండాం."

ఆ మాట నాకు నచ్చింది.

ఆదివారం పొద్దున ఆరింటికి ఒడ్డుకు వెళ్లాను. కల్యాణి ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబానికి పాఠం చెబుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. అరగంటకు, ఒడ్డున కూర్చుని చూడటం గట్టు మీద నడవడం కాదని అనిపించింది. చొక్కా మడిచి ఇసుకలో పెట్టాను. నాకు ఈత బాగా వచ్చు. చిన్నప్పుడు మా ఊరి చెరువును ఆగకుండా అటూ ఇటూ ఈదేవాడిని. చెరువులో దిగేవాడు నీళ్లు కదలని చోటు చూసుకుని దిగుతాడు. ఇక్కడా అదే చేశాను. రెండు వైపులా అలలు విరిగి నురుగు లేస్తోంది, మధ్యలో ఇరవై అడుగుల మేర నీళ్లు నున్నగా ఉన్నాయి. అక్కడ దిగాను.

నడుము లోతు వచ్చేసరికి కాళ్ల కింద ఇసుక జారింది. ఒడ్డు వైపు ఈదాను. పది బారలు వేసి చూస్తే ఒడ్డు ఇంకా దూరమైంది. మళ్లీ ఈదాను, ఇంకా దూరమైంది. రెక్కలు బరువెక్కాయి, నోట్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. అప్పుడు కల్యాణి గొంతు వినిపించింది.

"నాయినా, ఈదకు. చేతులు ఆపు. ఉత్తగ తేలు."

బోర్డు మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ వచ్చింది. నన్ను బోర్డు పట్టుకోమని, తాను దిగి, ఒడ్డు వైపు కాకుండా ఒడ్డు పొడవునా పక్కకు లాగింది. ముప్పై బారల తరువాత ఒక అల వెనక నుంచి వచ్చి ఇద్దరినీ ఇసుక మీదికి తెచ్చి పడేసింది. ఒడ్డున బ్యాంకు ఉద్యోగి కుటుంబం నిలబడి చూస్తోంది. నేను లేచి చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకున్నాను.

శేఖర్ టీ తెచ్చిచ్చాడు. "చెరువు మనిషా సార్? చెరువోళ్లు ఎవురొచ్చినా అక్కడే దిగతారు. అల మోసుకొచ్చిన నీళ్లు తిరిగి పొయ్యేది ఆ సందులోనే. అందుకే అక్కడ అల లేదు." మా ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నున్నటి నీళ్లలో దిగొద్దు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు, పక్కకు వెళ్లాలి.

కల్యాణి బోర్డు కడుగుతోంది, నా వైపు చూడటం లేదు. "ఇగ వద్దనే అంటవు కదా" అంది.

"ఇంకా నడవలేదు. రేపు నాకు నేర్పు" అన్నాను.

సోమవారం పొద్దున ఆరింటికి ముందు ఇసుక మీద పాఠం. బోర్లా పడుకోవడం, చేతులు ఆనించడం, ఒక్క ఊపున లేచి పక్కకు తిరిగి నిలబడటం. ఇరవై సార్లు చేయించింది. కాలు ఒక జానెడు తప్పు పడినా ఊరుకోలేదు. బ్యాంకు ఉద్యోగితో ఎలా మాట్లాడిందో నాతోనూ అలాగే మాట్లాడింది. తరువాత నీళ్లలోకి. అల వచ్చేదాకా బోర్డు పట్టుకుని ఉంటుంది, అల రాగానే తోసి "లే" అంటుంది. పడ్డాను. మళ్లీ పడ్డాను. మోకాలు దోక్కుపోయింది. పక్కన నేర్చుకుంటున్న వాళ్లెవరో నవ్వితే, "ఆయన నిన్న మునగబోయి ఇయ్యాల మళ్ల దిగిండు. మీరు దిగుతరా?" అంది కల్యాణి. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు.

పన్నెండోసారి ఆమె "లే" అన్నప్పుడు లేచాను. కాళ్ల కింద నీళ్లు పరుగెడుతున్నాయి, నేను కదలకుండా నిలబడి ఉన్నాను. ఎదురుగా రాతి గుడి శిఖరం, ఇసుక, చేతులెత్తిన శేఖర్. బోర్డు ఇసుకను తాకేదాకా పడలేదు. దిగి, వెనక్కి తిరిగి, ఛాతీ లోతు నీళ్లలో నిలబడ్డ నా బిడ్డ దాకా నడిచి వెళ్లాను.

"ఏమంటవు నాయినా?"

"ఏడాదే ఎందుకు? నీకు చాతనైనన్ని ఏండ్లు ఉండు. ఇది మనింటికి తగిన పని."

కల్యాణి మొహం మీద నీళ్లు చల్లుకుంది. "ముందు మోకాలికి మందు రాసుకో" అంది.

శేఖర్ నాతో విడిగా అన్నాడు. "సొంత బోర్డు ఉంటేనే మా దగ్గర టీచర్ సార్. బడి బోర్డు మీద ఉన్నన్నాళ్లూ, పాఠం చెప్పినా అసిస్టెంటే. మొదట్నుంచీ అదే పద్ధతి. ఆ పిల్ల నోరు తెరిచి మిమ్మల్ని అడగదు."

మంగళవారం మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం చేసి, రెండింటి బస్సుకు బయలుదేరాను. రాత్రి బండిలో పై బెర్తు దొరికింది, ఒళ్లునొప్పులతో ఎక్కడం కష్టమైంది కానీ హాయిగా నిద్రపట్టింది. బుధవారం పొద్దున పదింటికి మేడ్చల్‌లో దిగాను. మహాబలిపురంలో రాజులు లేరు, ఓడల రేవు లేదు. అక్కడి మనుషులు మాత్రం అదే నీళ్ల ముందు కొత్త విద్య పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. వాళ్లలో ఇప్పుడు మా ఇంటి మనిషి కూడా ఉంది. వెళ్లేవాళ్లు రథాలూ పిల్లి తపస్సూ చూసి, పొద్దున ఆరింటికి ఒడ్డుకు వెళ్లి కల్యాణి దేశ్‌ముఖ్ ఎవరని అడగండి.

గురువారం శారద, మా ముత్తాత తాంబూలం పెట్టుకునే వెండి పాన్‌దాన్‌ను చింతపండుతో తోమి ఇచ్చింది. మేడ్చల్ బజారులో అమ్మి, బోర్డు కొనమని ఆ డబ్బు కల్యాణికి పంపాను. మా ఇంట్లో అదే ఆఖరి వెండి.