చిట్టెలుక వాకిట్లో పగడం

డెబ్బైల మొదట్లో మాట. పెళ్ళయిన ఏడాదికే మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. గోదావరి లంకల్లో పుట్టిన నన్ను తీసుకొచ్చి, రుద్రారం దగ్గర ఒక పల్లెలో పెద్ద రైతు ఇంటి వెనక రెండు గదుల్లో కాపురం పెట్టించారు. ఒండ్రుమట్టిలో తిరిగిన నా కాళ్ళకు ఆ గులకనేల బొత్తిగా నచ్చలేదు.

పెరడు దాటితే జొన్నచేను, మధ్యలో ఒక గట్టు. ఆ గట్టు కింద చిన్న రంధ్రం, దాని చుట్టూ శనగగింజలంతేసి రాళ్ళు ఒద్దికగా పేర్చి ఉన్నాయి. అంత పొందికగా మనుషులు కాక ఇంకెవరు పేరుస్తారు? ఏదో అమ్మవారి తావు అనుకున్నాను. కొత్తచోట దేవుళ్ళతో పేచీ ఎందుకని తలంటుకుని వెళ్ళి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మందారాలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటి యజమానురాలు పేడతట్టతో అటే వచ్చింది. ఆవిడను నేను పెద్దమ్మా అనేదాన్ని.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

“మీ అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటున్నాను పెద్దమ్మా.”

తట్ట కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. “అమ్మవారా! అది చిట్టెలుక బొక్క పిల్లా! వాకిట్ల రాళ్ళు అదే పేర్సుకుంటది. జెర ఆగు, అందర్ని పిలుస్త!”

అన్నంత పనీ చేసింది. నీళ్ళబావి దగ్గర ఆడవాళ్ళు చాలాకాలం నన్ను ‘ఎలుకకు మొక్కినామె’ అనే పిలిచారు.

మా వైపు ఎలుక అంటే పందికొక్కే. గట్లు తొలిచేస్తుంది, పొగపెట్టి పట్టిస్తారు. ఇదేమో నా బొటనవేలంత. పొద్దు వాలగానే మూతి బయటపెట్టి, గాలి వాసన చూసి, ఒక్క ఉరుకున గడ్డిలో దూరేది. వీపు మీద వెంట్రుకలు ముళ్ళలా బిరుసు, పొట్ట మాత్రం తెల్లగా ఉండేది. గడ్డిగింజలో పురుగులో తిని, తిరిగొచ్చేటప్పుడు నోట ఒక రాయి తెచ్చుకునేది. కొన్ని గుమ్మం ముందు, కొన్ని లోపలికి. లోపల కూడా రాళ్ళు పరుచుకునే పడుకుంటుందట. నచ్చని రాయిని పక్కకు నెట్టేసేది, చీరల కొట్లో మా పిన్నిలాగ. దాన్ని చూస్తూ కూర్చుని ఎన్నిసార్లు పప్పు మాడ్చానో! ఆ ఊళ్ళో నాకు మొట్టమొదట నచ్చింది అదే.

శ్రావణంలో వస్తున్నానని మా అత్తగారు కబురు పెట్టారు. నా పసుపుతాడుకున్న రెండు పగడాలూ పెళ్ళినాడు ఆవిడ తన మెడలోంచి తీసి గుచ్చినవే. వాటిని ఆవిడకు వాళ్ళ అత్తగారు ఇచ్చారు. మా అత్తగారు రేపు వస్తారనగా, గట్టు మీద బట్టలు ఆరేస్తుంటే మెడలో తాడు కంపకు తగులుకుని తెగింది. సూత్రాలు దొరికాయి, ఒక పగడం దొరికింది. రెండోది ఎంత వెతికినా లేదు. కొత్త తాడుకు ఉన్నవే గుచ్చుకుని, ఏడుస్తూ అక్కడే కూలబడ్డాను.

పొద్దు వాలింది. చిట్టెలుక గడ్డిలోంచి వచ్చింది. నోట్లో ఎర్రగా నా పగడం! కెవ్వుమని లేచాను. నా కేకకు బెదిరి అది పగడంతో సహా లోపలికి దూరిపోయింది.

పెద్దమ్మ గడ్డపార తెచ్చింది. “పరేషాన్ గాకు. పొద్దుగాల తవ్వి తీద్దాం.”

నాకు చేతులు రాలేదు. మొన్నటిదాకా పొట్ట ఈడ్చుకుంటూ తిరిగిన ఎలుక రెండ్రోజులుగా సన్నబడింది. లోపల పిల్లలున్నాయని తెలుస్తూనే ఉంది. పొద్దున్న పెద్దమ్మ తవ్వబోతే, సాయంత్రం చూద్దామని ఆపాను.

మధ్యాహ్నం అత్తగారు వచ్చారు. మంచినీళ్ళైనా తాగకుండా నా మెడ చూశారు.

“రెండోదేదే?”

అంతా చెప్పేశాను, పసుపు రాసి మొక్కిన సంగతితో సహా. ఆ బొక్క ఎక్కడుందో చూపించమన్నారు. నాకు మరీ భయమేసింది. సాయంత్రం పీట వేయించుకుని గట్టు దగ్గర కూర్చున్నారు. చిట్టెలుక వచ్చింది, ఒక గింజ కొరికింది, మళ్ళీ గబగబా లోపలికి పోయింది. బొక్కలోంచి సన్నగా కిచకిచలు వినిపించాయి.

“ఇగ తవ్వుదామా వదినా?” అని పెద్దమ్మ గడ్డపార ఎత్తింది.

“ఆగండాగండి! బాలింత ఇంటిమీద గడ్డపార వేస్తారా ఎవరైనా?” అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. పెద్దమ్మ గడ్డపార పారేసి తనూ నవ్వు అందుకుంది. భయమంతా దిగిపోయి నేనూ నవ్వేశాను.

మిగిలిన పగడం ఇప్పటికీ నా మెడలో ఉంది. దానికి జత ఏదని ఎవరడిగినా, ఆ సాయంత్రం పీట మీంచి లేస్తూ అత్తగారు అన్న మాటే చెబుతాను.

“కోడళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చాననుకుంటాలే. ఇల్లు సర్దుకోవడం మాత్రం నువ్వు దాన్ని చూసి నేర్చుకో.”